నీళ్ల పార్కులో మజ్జిగ తాగినవాళ్లు

మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను వదిలి వచ్చిన ఫస్ట్ ఎయిడ్ గదిలో కొత్తగా చేరిందట. "మేడమ్, ఈడ పని ఎట్లుంటాది? ఏమేం నేర్చుకోవాల?" అని అడిగింది. మోకాళ్లు గీసుకుపోతాయి, ఎండకు కళ్లు తిరుగుతాయి, జారుడుబల్ల మీద పాలపళ్లు ఊడతాయి, అవన్నీ నీకు తెలిసినవే అన్నాను. అసలు సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

అసలు సంగతి తాగి వచ్చే నాన్నలు.

నా పేరు రూతమ్మ. జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక, ప్రొద్దుటూరు పోయే దారిలో కొత్తగా పెట్టిన నీళ్ల పార్కులో చేరాను. జెయింట్ వీల్ పక్కన రేకుల గది, ఒక బల్ల, ఒక మంచం, బీపీ మిషను, నేను. మాది తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో దగ్గు మందు కూడా సీసా మీద రాసింది రెండుసార్లు చదివి గాని తాగేవాళ్లం కాదు. ఆసుపత్రిలో నేను చూసింది తాగుడు చివరి మజిలీ. పచ్చబడ్డ కళ్లు, ఉబ్బిన పొట్టలు. మొదటి మజిలీ ఎంత సరదాగా ఉంటుందో పార్కులో చేరేదాకా నాకు తెలియదు.

మొదటి ఆదివారమే ఒకాయన తడిబట్టలతో లోపలికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"కండ్లు తిరుగుతాండాయి సిస్టరమ్మా."

"ఏం తిన్నావప్పా?"

"ఏమీ తినలా. మజ్జిగ తాగినా."

ఆ మజ్జిగ వాసన గది దాటి టికెట్ల కౌంటరు దాకా పోయింది. "ఎన్ని గ్లాసులు?" అన్నాను. ఆయన వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. మధ్యలో ఎక్కడో తప్పాడు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చివరికి విసుగొచ్చి, "మజ్జిగే గదమ్మా, ఎవురు లెక్కబెడతారు!" అన్నాడు.

మద్యం సేవించినవారికి ప్రవేశం లేదని గేటు దగ్గర బోర్డు ఉంది. దాని కిందే నిలబడి సెక్యూరిటీ వాళ్లు సంచులు వెతికేవారు. అయినా మందు లోపలికి వచ్చేది. చారు క్యారియరులో వచ్చింది. పాలసీసాలో వచ్చింది, ఆ పాలు తాగాల్సిన బిడ్డ అప్పటికే రెండో తరగతి. ఒకసారి పుచ్చకాయలో వచ్చింది. సిరంజితో ఎక్కించారు. ఒక్క చుక్క బయటికి కారలేదు, సూది గుచ్చిన చోటు కనబడలేదు. నర్సుగా ఆ పనితనం చూసి నాకు ముచ్చటేసింది.

వీళ్లంతా చెడ్డవాళ్లని నేను మొదట్లో అనుకున్నాను. అది తప్పు. సగం మంది ధైర్యం కోసం తాగుతారు. పిల్లలు రాకెట్టు ఎక్కుదాం అంటారు. నాన్నకేమో మేడ మెట్లెక్కితేనే కాళ్లు వణుకుతాయి. పెళ్లాం బిడ్డల ముందు భయమని ఎట్లా చెప్తాడు? బండి స్టాండు వెనక్కి పోయి ఒక పావు సీసా ధైర్యం తాగి వస్తాడు. తాగినవాడు రైడు మీద అరిచేది సంతోషంతో అనుకుంటారు గాని, చాలాసార్లు అది భయమే.

మైకు

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకుండా మిగతాది చెప్పే అర్హత నాకు లేదు.

దువ్వూరు నుంచి ఓబులేసు అని ఒక రైతు, తన భార్య పుట్టింటి వాళ్లందరితో కలిసి వచ్చాడు. కూతురు లావణ్యకు ఎనిమిదేళ్లు ఉంటాయి. ఆ పిల్ల కాలి బొటనవేలికి దెబ్బ తగిలితే ఎత్తుకొచ్చాడు. నేను కట్టు కడుతుంటే ఆయన దగ్గర వాసన వచ్చింది. "అప్పా, నువ్వు ఏ రైడూ ఎక్కబాక" అన్నాను. "అట్లనే సిస్టరమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా. పది నిమిషాల తర్వాత చూస్తే, గిరగిరా తిరిగే కప్పుల రైడు ముందు వరసలో నిలబడి ఉన్నాడు. చంకలో కూతురు.

నా గదిలో ఒక మైకు ఉండేది. తప్పిపోయిన పిల్లల కోసం పెట్టింది. దాన్ని తీసుకున్నాను. చర్చిలో ప్రకటనలు చదివే గొంతుతో, నిదానంగా, రెండుసార్లు చెప్పాను: "దువ్వూరు నుంచి వచ్చిన చిన్నారి లావణ్య తండ్రి ఓబులేసు మద్యం సేవించి ఉన్నాడు. ఆయనను ఏ రైడూ ఎక్కించవద్దు."

పార్కంతా నవ్వింది. వరసలో వాళ్లు చప్పట్లు కొట్టారు. ఓబులేసు పిల్లను దించి ఎటో వెళ్లిపోయాడు. మంచి పని చేశానని నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను.

కాసేపటికి ఆయన భార్య కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఆయప్పను ఆపింది మంచిపనే సిస్టరమ్మా. నువ్వు దగ్గరికొచ్చి పక్కకు రా అనింటే వస్తాండె. మైకులో నా బిడ్డ పేరు యాల చెప్పినావు?"

ఆమె వాకిలి వైపు చెయ్యి చూపించింది.

"మా నాయన, మా అన్నదమ్ములు, అందరూ ఈడనే ఉండారు. తాగింది ఆయన. తలకాయ వంచుకునింది ఇది."

ఆమె మాట్లాడుతుంటే లావణ్య నేల మీద కూర్చుని కాలి కట్టు విప్పుకుంది. దాన్ని ఉండచుట్టి నా బల్ల మీద పెట్టింది. ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ కుటుంబం మళ్లీ రాలేదు. క్షమించమని అడిగే అవకాశం నాకు దొరకలేదు.

అలలు

ఆ తర్వాత నాకు మైకు సిస్టరు అని పేరొచ్చింది. తాగినవాళ్లు నా గదికి రావడం మానేశారు. నేను దాన్ని విజయం అనుకున్నాను. మేనేజరు సుబ్బరాయుడుతో "తాగి వచ్చేవాళ్లు తగ్గిపోయారు సార్" అన్నాను. ఆయన మరీ సంతోషించి, మాది మద్యరహిత పార్కు అని ఒక పెద్ద ఫ్లెక్సీ కొట్టించి గేటు మీద కట్టించాడు. మొదటి ఆదివారం ఆ ఫ్లెక్సీ నీడలోనే నలుగురు కూర్చుని తాగారు.

నిజం చెప్పింది మహబూబ్ బాషా. మా అలల కొలను దగ్గర లైఫ్‌గార్డు. ప్రొద్దుటూరు వాడు, కువైట్‌లో ఒక హోటలు ఈతకొలను దగ్గర చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. "తగ్గలేదక్కా" అన్నాడు. "నీ కంటబడేది తగ్గింది. మొన్న ఒకాయన మోచెయ్యి పగిలి రగతం కారుతాంటే పంపుసెట్టు రూము వెనకాల కూచోని లుంగీ చింపి కట్టుకుంటాండాడు. సిస్టరు దగ్గరికి పో అంటే, మైకులో పడేదానికంటే ఇదే మేలు అన్యాడు."

విన్నాను గాని మనసుకు పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సిన రోజు తొందరగానే వచ్చింది.

ఒక మధ్యాహ్నం అలలు మొదలయ్యే సైరను మోగింది. కొలను అవతలి గట్టు నుంచి ఒక మనిషి నాలుగేళ్ల మేనకోడలిని భుజాల మీద ఎక్కించుకుని నీళ్లలోకి దిగాడు. మొదటి అలకు నిలబడ్డాడు. రెండో అలకు కాళ్లు తప్పాయి. మనిషి లేచాడు, భుజాల మీద పిల్ల లేదు.

బాషా దూకింది నేను చూడలేదు. పైకి రావడం మాత్రమే చూశాను. పిల్లను నా చేతుల్లో పెట్టాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నీళ్లు కక్కింది, దగ్గింది, ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది. అంతటి మంచి ఏడుపు నేను ఆసుపత్రిలో కాన్పుల గదిలో కూడా వినలేదు. అయినా ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉంటాయేమోనని ప్రొద్దుటూరు ఆసుపత్రికి పంపి ఒక రాత్రి ఉంచమన్నాను. పిల్ల బాగుంది.

ఆ మేనమామ గట్టు మీద వణుకుతూ కూర్చున్నాడు. పక్కన కూర్చుని అడిగాను, "అప్పా, నా గది ముందు నుంచే గదా దారి. అంత దూరం తిరిగి అవతలి నుంచి యాల దిగినావు?"

"నిన్ను జూసే సుట్టు తిరిగి పోయినా సిస్టరమ్మా" అన్నాడు. "నువ్వు జూస్తే మైకులో చెప్తావని."

ఆ రోజు సాయంత్రం బాషా తల తుడుచుకుంటూ అన్నాడు, "కువైట్‌లో తాగితే జైలక్కా. అయినా తాగొచ్చేటోళ్లు. జైలని ఎవురికీ చెప్పరు, చెప్పకుండా లోతుకు పోతారు. భయపెడితే తాగేది మానుకోరు, చెప్పేది మానుకుంటారు." బాషా జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. నేనూ కాదు. కానీ ఆ మాట వాడికి అప్పటికే తెలుసు, నాకు ఒక పిల్ల మునిగి తేలితే గాని తెలియలేదు.

మర్నాడు మైకును తీసుకెళ్లి టికెట్ల కౌంటరులో ఇచ్చేశాను.

అత్తగారిల్లు

నా గది పక్కన బోదగడ్డితో పందిరి వేయించి, కింద ఆరు నులక మంచాలు, ఒక పెద్ద కుండలో నిజమైన మజ్జిగ పెట్టించాలని మేనేజరును అడిగాను. సుబ్బరాయుడు లేచి నిలబడ్డాడు.

"ఇది పార్కా, సారాయి కొట్టా సిస్టర్? తాగొచ్చినోనికి మంచమేసి విసనకర్రతో విసరాల్నా?"

"లోపలికి రాకుండా ఆపగలరా సార్?"

"ఆపుతాండాం గదా!"

"పుచ్చకాయను ఆపినారా?"

ఆయన కూర్చున్నాడు. పందిరి వచ్చింది.

కొత్తగా వచ్చిన అమ్మాయీ, ఇది జాగ్రత్తగా విను. "తాగినావా?" అని ఎప్పుడూ అడగొద్దు. లేదనే అంటారు. "మజ్జిగ ఎంత తాగినావు, ఎప్పుడు తాగినావు, ఏం తిన్నావు?" అని అడుగు. మజ్జిగ గురించైతే మనుషులు నిజం చెప్తారు. చెప్పినవాడి పేరు అడగకు, నీతులు చెప్పకు. రైడు ఎక్కేది లేదు, నీళ్లలోకి దిగేది లేదు, బండి తోలేది లేదు. పిల్లలు తాగని వాళ్ల దగ్గర ఉండాలి. అంతే. నిమ్మకాయ పిండితే మత్తు దిగుతుందని, చల్లనీళ్లు పోసుకుంటే దిగుతుందని, స్ట్రాంగు కాఫీ తాగితే దిగుతుందని వంద చెప్తారు. గడియారం తప్ప ఏదీ దించదు. కుండలో మజ్జిగ కూడా దించదు. అది ఎండకు, మర్యాదకు.

నెల తిరక్కుండా ఆ పందిరికి అత్తగారిల్లు అని పేరొచ్చింది. అందులో పడుకున్నవాళ్లు అల్లుళ్లు. ఒకరోజు ఒకావిడ మొగుణ్ణి రెక్క పట్టుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టింది.

"రోంతసేపు ఈయప్పను ఈడ పెట్టుకో సిస్టరమ్మా. నేను నీళ్లల్లో ఆడుకోవాల."

"తాగినాడా?"

"యాడ! తాగింటే గమ్మున పండుకుంటాండె. ఊరికే యిసిగిస్తాండాడు."

ఉంచుకున్నాను.

పందిరి వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది, అది నాకే జరిగింది. చాపాడు నుంచి వచ్చిన ఒక ముసలాయన తూలుతూ వచ్చాడు. వాసన ఉంది. మాట ముద్దగా ఉంది. చెయ్యి కూడా పట్టుకోకుండా మూడో మంచం చూపించాను. కాసేపటికి అటుగా వచ్చిన బాషా, "అక్కా, ఈయన చొక్కా చూడు, నీళ్లల్లోకి దిగకుండానే తడిసిపోయింది" అన్నాడు. పరుగెత్తి వేలు గుచ్చి చూస్తే షుగరు పాతాళంలో ఉంది. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుని, ఏమీ తినకుండా, ఎవరో బలవంతం చేస్తే ఒక గుక్క తాగాడట. మింగగలుగుతున్నాడు కాబట్టి చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా పట్టాను. లేచి కూర్చుని, "ఎవురు నువ్వు, నా మనవరాలు యాడ?" అన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ మనిషి అల్లుళ్ల మధ్య, అందరూ నిద్రపోతున్నాడని అనుకుంటుండగానే పోయేవాడు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, వాసన దగ్గరే ఆగిపోయాను. ఆ రోజు నుంచి షుగరు చూడకుండా ఎవరికీ మంచం ఇవ్వలేదు. నువ్వూ ఇవ్వొద్దు.

కొన్నాళ్లకు మనుషుల్లో కొంత మార్పు చూశాను. పొద్దున్నే వచ్చి, "ఈసారి రైడ్లన్నీ అయినాంక ఇంటికి పోయి తాగుతా సిస్టరమ్మా" అని చెప్పిపోయేవాళ్లు. "మా తమ్ముడు ముట్టడు, బండి వాడే తోల్తాడు" అని తమ్ముణ్ణి తెచ్చి చూపించేవాళ్లు. "మంచిది నాయనా" అనేదాన్ని. తాగుతానని ఒకడు చెప్తుంటే మంచిది అన్నానని తెలిస్తే మా నాన్న సమాధిలో పక్కకు తిరిగి పడుకునేవాడు. అయినా అదే అన్నాను.

పెద్దాయన

పార్కు యజమానిది పులివెందుల. మేమంతా పెద్దాయన అనేవాళ్లం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కోడలు కల్పనను, ఆరేళ్ల మనవరాలు హాసినిని తీసుకుని వచ్చాడు. దారిలో జమ్మలమడుగులో స్నేహితుడి ఇంట్లో భోజనం. కారు ఆయనే తోలుకొచ్చాడు.

సుబ్బరాయుడు నా గదికి పరుగెత్తుకొచ్చాడు. "సిస్టర్, పెద్దాయన వచ్చినాడు. నీకు దండం పెడతా, ఈపొద్దు నీ మజ్జిగ కతలు పెట్టబాక."

అప్పటికే ఆయన మనవరాలితో రాకెట్టు రైడు మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఒక మెట్టు ఎక్కడానికి రెండుసార్లు కాలు వేశాడు. రైడు నడిపే మనిషి ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను పందిరి వైపు చూశాను. ఆరు మంచాల్లో అయిదింటి మీద మనుషులు లేచి కూర్చుని ఉన్నారు. తమకున్న రూలు ఓనరుకు కూడా ఉందా లేదా అని చూస్తున్నారు. లేదని తేలితే ఆ పందిరి ఆ రోజుతో ఖాళీ అవుతుంది, జనం మళ్లీ పంపుసెట్టు వెనక్కి పోతారు. అది నాకు తెలుసు. ఈ ఉద్యోగం పోవచ్చని కూడా తెలుసు. అయినా లేచి అటు నడిచాను.

దగ్గరికి పోయి మెల్లగా అడిగాను, "సార్, మజ్జిగ ఎంత తాగినారు?"

"మజ్జిగేంది?" అన్నాడు పెద్దాయన. వెనకాల సుబ్బరాయుడు కళ్లు మూసుకున్నాడు.

"మెల్లగా చెప్పండి సార్. పాపకు వినపడదు."

ఆయనకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "నేనెవురో తెలుసునా నీకు? నా పార్కులో నేను ఎక్కేదానికి నీ పర్మిషన్ కావాల్నా?"

వరసంతా మా వైపు తిరిగింది. అప్పుడు పందిరిలోంచి ఒక అల్లుడు, పాపం మంచి మనసుతోనే, చెయ్యి ఊపుతూ గట్టిగా పిలిచాడు: "ఈడికి రాండి సార్! ఈడ గాలి శానా బాగుంటాది! ఒక మంచం ఖాళీగా ఉంది!"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. హాసిని కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. పెద్దాయన మనవరాలి ముఖం చూశాడు, మెట్ల వైపు చూశాడు. గొంతు తగ్గించి నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు, "రెండు గ్లాసులు. ఒంటిగంటప్పుడు."

"ఏం తిన్నారు?"

"చెనిగ్గింజలు."

"పాపను కోడలమ్మకు ఇచ్చి నాతో రాండి సార్."

వచ్చాడు. వేలు గుచ్చి షుగరు చూశాను, ఆరో మంచం ఇచ్చాను. పక్క మంచం ఆయన మర్యాదగా తన దిండు తీసి ఇచ్చాడు. మా యజమాని మూడు గంటలు గురక పెట్టి నిద్రపోయాడు. ఆ గురకకు మిగతా అల్లుళ్లంతా తొందరగా కోలుకుని లేచి వెళ్లిపోయారు. కల్పన కూతురితో రాకెట్టు నాలుగుసార్లు ఎక్కింది. దిగిన ప్రతిసారీ కూతురి కంటే తనే ఎక్కువ నవ్వుతోంది.

సాయంత్రం పెద్దాయన లేచి, ఒక ప్లేటు ఉగ్గాని తిని, కారు తాళాలు తీశాడు.

"సార్, ఆ రెండు గ్లాసులు ఎంతెంతవి?" అని అడిగాను.

చేతులతో చూపించాడు. ఆ కొలత చూస్తే అవి గ్లాసులు కావు, చెంబులు.

"ఇంకా వద్దు సార్. పులివెందుల దాకా మీరు తోలొద్దు."

"డ్రైవరును తేలా. మల్ల ఎవురు తోలాల?"

"నేను తోల్తా మామా" అంది కల్పన. "లైసెన్సు వచ్చి ఏడాదాయె. మీరెప్పుడు ఇచ్చినారు కారు?"

ఆయన నా వైపు చూశాడు. తాళాలు ఇచ్చాడు. వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు, అది చాలదన్నట్టు కిటికీ మీది పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కారు ఒక్క గంతు వేసి ఆగింది. రెండో గంతుకు సుబ్బరాయుడు గేటు గోడకు అడ్డంగా నిలబడ్డాడు, గోడను కాపాడటానికో, దండం పెట్టడానికో తెలియదు. మూడోసారి కారు మెత్తగా కదిలింది.

నా ముందు నుంచి పోతుంటే హాసిని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"సిస్టరమ్మా! మల్లొచ్చే ఆదివారం గూడా తాతను పండబెట్టు! అప్పుడు గూడా అమ్మే తోల్తాది!"

గేటు దాటేదాకా పెద్దాయన తల ఎత్తలేదు. కల్పన మాత్రం అద్దంలో నన్ను చూసి, హారను రెండుసార్లు కొట్టింది.